మాంసం మానుకున్నవారు – ఎవరి కారణం వారిది



మా ఆస్పత్రి ఓ.పి.లో ఆహార సలహా కోసం వచ్చేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరమ్మా, నేను నీచు మానేశాను. మంచిదేనా?" అంటారు. దీనికి అవుననో కాదనో ఒక్క మాటలో మేము జవాబు చెప్పము. ముందుగా "ఎందుకు మానేశారు?" అని అడుగుతాము. తరువాత "దాని బదులు ఏమి తింటున్నారు?" అని అడుగుతాము. ఈ రెండింటికి వచ్చే జవాబులను బట్టి మా సలహా ఉంటుంది.

మన తెలుగు రాష్ట్రాల్లో మాంసం మానుకోవడం చిన్న సంగతి కాదు. 2014లో కేంద్ర ప్రభుత్వం చేయించిన నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 ఏళ్ళు, అంతకు పైబడినవారిలో నూటికి సుమారు 98 మంది మాంసాహారులే. ఇక మన సంఘ కుటుంబాల సంగతి చెప్పనక్కరలేదు. ఆదివారం ఆరాధన నుంచి ఇంటికి రాగానే పొయ్యి మీద కూర ఉడకాలి. క్రిస్మస్‌కూ, ఈస్టరుకూ, పెళ్ళికీ, కృతజ్ఞతా కూడికకూ బిర్యానీ ఉండాలి. పాస్టరుగారు భోజనానికి వస్తే కోడి కోయాలి. ఇలాంటి ఇంట్లో ఒకరు "నాకు వద్దు" అంటే అది కూరతో ఆగదు. అత్తగారు చిన్నబుచ్చుకుంటారు, వదినగారు నవ్వుతారు, పిల్లలు వింతగా చూస్తారు. అయినా కొందరు మానుకున్నారు. వారి కారణాలు ఏమిటో, ఆ దారిలో తీసుకోవలసిన జాగ్రత్తలు ఏమిటో ఈ సంచికలో మీతో పంచుకుంటున్నాము.

గుండె భయంతో మానుకున్నవారు

మా దగ్గర ఎక్కువగా కనిపించే కారణం ఇదే. గుండెకు స్టెంటు వేశాక, లేదా రక్తపరీక్షలో కొలెస్టరాల్ ఎక్కువ వచ్చాక, భయంతో ఆ రోజు నుంచే మాంసం ముట్టనివారు ఉన్నారు. ఈ భయంలో కొంత న్యాయం ఉంది. అయితే ఎంత న్యాయం ఉందో తెలుసుకోవాలి.

బ్రిటన్‌లో 48 వేల మందికి పైగా మనుషులను సుమారు 18 ఏళ్ళపాటు గమనించిన పరిశోధన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. మాంసం తినేవారితో పోలిస్తే శాకాహారులలో గుండె రక్తనాళాల జబ్బు 22 శాతం తక్కువగా కనిపించింది. కానీ అదే పరిశోధనలో పక్షవాతం శాకాహారులలో 20 శాతం ఎక్కువగా కనిపించింది. అమెరికాలో, శాకాహారాన్ని ప్రోత్సహించే సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘ సభ్యులు 73 వేల మందిని గమనించిన మరో పరిశోధన 2013లో వచ్చింది. అక్కడ శాకాహారులలో మరణాల రేటు మిగిలినవారి కంటే 12 శాతం తక్కువగా ఉంది.

2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఇంకొక మాట చెప్పింది. సాసేజీలు, బేకన్, సలామీ వంటి నిల్వ మాంసాలు పెద్దపేగు క్యాన్సర్‌కు కారణమవుతాయని నిర్ధారించింది. రోజూ 50 గ్రాముల నిల్వ మాంసం తింటే ఆ ప్రమాదం 18 శాతం పెరుగుతుందని లెక్క వేసింది. వేట, గొడ్డు, పంది మాంసాలను "బహుశా కారణం కావచ్చు" అన్న వర్గంలో ఉంచింది. కోడి, చేపలను ఈ జాబితాలో చేర్చలేదు.

కాబట్టి గుండె కోసం మాంసం తగ్గించడం తెలివైన పనే. అయితే మాంసం మానేసి పూరీలు, మిరపకాయ బజ్జీలు, ఆవకాయ, అప్పడాలు, నేతి స్వీట్లు ఎక్కువ చేసినవారిని కూడా మేము చూస్తున్నాము. వారు శాకాహారులే, కానీ గుండెకు మేలు ఏమీ జరగలేదు. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు మించకూడదు. ఊరగాయలతో ఆ లెక్క ఒక్క పూటలోనే దాటిపోతుంది. షుగరు జబ్బు కూడా మాంసం తిన్నావా లేదా అని అడిగి రాదు. 2023లో ప్రచురించిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవారు 10 కోట్లకు పైమాటే. వారిలో పుట్టు శాకాహారులు కూడా ఉన్నారు.

మనసు ఒప్పక మానుకున్నవారు

కోత పండుగ మన సంఘాలలో సంతోషకరమైన రోజు. ధాన్యం, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కోళ్ళు, మేకపిల్లలు మందిరానికి తెస్తారు, వేలం పాడతారు. చిన్నప్పుడు తాను చేతులతో ఆకు మేపిన మేకపిల్లను అలా ఇచ్చి, సాయంత్రం విందులో దాని మాంసం చూసి, ఆ రోజు నుంచి ముట్టని ఒక సోదరి మాకు తెలుసు. ఆమెకిప్పుడు యాభై ఏళ్ళు దాటాయి. "ఎవరినీ తప్పు పట్టను, నాకు మింగుడు పడదు, అంతే" అంటారు.

ఇలాంటివారిని చుట్టుపక్కలవారు సున్నితమనస్కులని ఎగతాళి చేస్తారు. చేయకూడదు. ప్రాణుల మీద జాలితో మాంసం మానడం క్రైస్తవ చరిత్రలో కొత్తది కాదు. ఇంగ్లండులోని సాల్ఫర్డ్ పట్టణంలో విలియం కౌహెర్డ్ అనే పాదిరి 1809లో "బైబిల్ క్రిస్టియన్ చర్చి" స్థాపించి, తన సంఘస్థులు మాంసం, మద్యం రెండూ మానాలని కోరాడు. ఆ సంఘ సభ్యుడు జోసెఫ్ బ్రదర్టన్ తరువాత పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఆయన భార్య మార్తా 1812లో మాంసం లేని వంటల పుస్తకం ప్రచురించింది. ఇంగ్లీషులో అలాంటి పుస్తకాల్లో అదే మొదటిదని చెబుతారు. 1847లో రామ్స్‌గేట్‌లో శాకాహార సంఘం ఏర్పడినప్పుడు ముందు నిలిచినవారిలో ఈ చర్చివారు కూడా ఉన్నారు. కనుక శాకాహారం మన విశ్వాసానికి పరాయిదని అనుకోనవసరం లేదు.

ఉపవాస దినాలతో మొదలుపెట్టినవారు

ఈస్టరుకు ముందు నలభై దినాలు మాంసం ముట్టకుండా ఉండే అలవాటు మన సంఘాలలో చాలామందికి ఉంది. కేరళ సిరియన్ క్రైస్తవులు ఈస్టరుకు ముందు యాభై రోజులు, క్రిస్మస్‌కు ముందు ఇరవై అయిదు రోజులు మాంసం మానే సంప్రదాయం పాటిస్తారు. ఇథియోపియా ఆర్థొడాక్సు సంఘస్థులైతే ఏడాదిలో దాదాపు సగం రోజులు మాంసమే కాదు, పాలూ గుడ్లూ కూడా ముట్టరు.

నలభై రోజులకు మానుకుని, ఆ తరువాత మళ్ళీ మొదలుపెట్టని వారు మా దగ్గరకు వస్తుంటారు. కొందరికి కడుపు తేలికగా ఉంది. కొందరు భర్త పోయిన ఏడాది మానుకుని అలాగే ఉండిపోయారు. కొందరు బిడ్డకు జబ్బు నయమైతే మానతానని మొక్కుకున్నట్టు చెబుతారు. వారి మనసును మేము గౌరవిస్తాము. అయితే ఒక్క మాట చెబుతాము. నలభై రోజుల ఉపవాసానికి శరీరంలోని నిల్వలు సరిపోతాయి. జీవితకాలానికి సరిపోవు. దీక్ష అలవాటుగా మారిన రోజున పళ్ళెం కూడా మారాలి.

సిగ్గుతో మాత్రం మానుకోవద్దు

ఇది కొంచెం కష్టమైన సంగతి. అయినా చెప్పకుండా దాటలేము.

పట్నంలో అద్దె ఇల్లు వెతికినప్పుడు "నాన్ వెజ్ తినేవాళ్ళకు ఇవ్వము" అన్న మాట మన కుటుంబాలలో ఎంతమంది వినలేదు? హాస్టలులో, ఆఫీసులో అన్నం డబ్బా తెరిచినప్పుడు పక్కవారు ముఖం తిప్పుకోవడం ఎంతమంది చూడలేదు? మన పెద్దలలో అనేకులు తిన్న ఆహారాన్ని బట్టే వారిని ఊరి చివర ఉంచారు. పెద్ద కూర అందుబాటు ధరలో దొరికే మాంసకృత్తులుగా తరతరాల పేదల ఒంట్లో శక్తి నిలిపింది. ఎండబెట్టిన ఒరుగులు వానాకాలంలో ఆకలి తీర్చాయి. దానిని తిన్నందుకు మన అవ్వలూ తాతలూ తలవంచుకోవలసింది ఏమీ లేదు.

కాబట్టి "శాకాహారం పెద్దవాళ్ళ తిండి, అది తింటే నన్ను గౌరవిస్తారు" అన్న తలంపుతో ఎవరైనా మానేస్తున్నామంటే మేము ఆపి మాట్లాడుతాము. ఆ కారణం మీది కాదు, మిమ్మల్ని చిన్నచూపు చూసినవారిది. వారి చూపు కోసం మానిన తిండిని చాటుగా తినవలసి వస్తుంది. ఇంట్లో అమ్మ వండినదాన్ని అసహ్యించుకోవలసి వస్తుంది. అది ఒంటికీ మంచిది కాదు, ఇంటికీ మంచిది కాదు. అలాగే మాంసం మానుకున్న మన సహోదరుని చూసి "ఏమయ్యా, బాపనయ్యవి అయ్యావా?" అని హాస్యమాడడం కూడా మానాలి. అతని కారణం ఏమిటో మనకు తెలియదు.

ఏ కారణం నిలుస్తుంది?

మహాత్మా గాంధీ తల్లికి ఇచ్చిన మాట కోసం ఇంగ్లండులో మాంసం ముట్టకుండా ఉన్నాడు. అక్కడ హెన్రీ సాల్ట్ రాసిన పుస్తకం చదివాకనే ఇష్టపూర్వకంగా శాకాహారినయ్యానని తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. 1931లో లండను శాకాహార సంఘంలో మాట్లాడుతూ, ఆరోగ్యం కోసమే మానినవారిలో ఎక్కువమంది వెనక్కి వెళ్తారనీ, నైతికమైన పునాది ఉన్నవారే నిలుస్తారనీ అన్నాడు.

మా అనుభవం కూడా కొంత అలాగే ఉంది. భయంతో మానినవారు భయం తగ్గగానే మొదలుపెడతారు. ఇతరుల ఒత్తిడితో మానినవారు ఒత్తిడి లేనిచోట తింటారు. తన కారణం తనకు స్పష్టంగా తెలిసినవారు ఎవరితోనూ వాదించకుండా నిలకడగా ఉంటారు. అందుకే మేము మొదట "ఎందుకు?" అని అడుగుతాము.

గ్రంథంలో ఏముంది?

ఈ ప్రశ్న కూడా మా ముందుకు వస్తుంది. ఆదికాండము మొదటి అధ్యాయంలో మనిషికి ఆహారంగా విత్తనాలిచ్చే మొక్కలు, పండ్లు ఇవ్వబడ్డాయి. జలప్రళయం తరువాత తొమ్మిదవ అధ్యాయంలో మాంసానికి అనుమతి వచ్చింది. దానియేలు, అతని స్నేహితులు పది దినాలు శాకాహారంతో, నీళ్ళతో ఉండి ఆరోగ్యంగా కనిపించారు. అయితే వారు మానినది రాజు భోజనం వల్ల అపవిత్రులం కాకూడదని. పునరుత్థానుడైన ప్రభువు శిష్యుల ఎదుట చేప తిన్నాడని లూకా రాశాడు. రోమా సంఘంలో తినేవారికీ తిననివారికీ తగాదా వచ్చినప్పుడు, ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దని పౌలు రాశాడు. ఆ పద్నాలుగో అధ్యాయాన్ని భోజనాల బల్ల దగ్గర గుర్తు చేసుకుంటే చాలా ఇళ్ళలో గొడవ తగ్గుతుంది.

మానుకునే ముందు ఇవి తెలుసుకోండి

ఇప్పుడు మా రెండవ ప్రశ్నకు వద్దాము. మానేసిన దాని బదులు ఏమి తింటున్నారు?

మాంసకృత్తులు: 60 కిలోల బరువున్న మనిషికి రోజుకు దాదాపు 50 గ్రాములు కావాలి. రోజంతా కలిపి 300 గ్రాముల బియ్యం వండుకుని, పచ్చడితో, చారుతో సరిపెట్టుకుంటే 25 గ్రాములు కూడా దాటవు. మాంసం మాని నీరసపడిపోయామని వచ్చేవారిలో చాలామంది పళ్ళెం ఇలాగే ఉంటుంది. పప్పు, పెసలు, శనగలు, అలసందలు, ఉలవలు, వేరుశనగలు, మీల్ మేకర్, పాలు, పెరుగు రోజూ ఉండాలి. గుడ్డు తినడానికి మనసు ఒప్పితే ఒక్కో గుడ్డుకు 6 గ్రాములు వస్తాయి.

రక్తహీనత: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. మాంసం తినే రాష్ట్రాలలోనే ఈ పరిస్థితి అయితే, మానేసినవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆకుకూరలలో, పప్పులలో ఉండే ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే, భోజనంతో జామకాయ తింటే బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే పట్టదు. కనీసం ఒక గంట ఆగండి.

విటమిన్ బి 12: ఇది మొక్కల ఆహారంలో దొరకదు. మాంసం, చేప, గుడ్డు, పాలలోనే ఉంటుంది. కాలేయంలో కొన్నేళ్ళకు సరిపడా నిల్వ ఉంటుంది కనుక లోపం వెంటనే బయటపడదు. అరికాళ్ళలో తిమ్మిరి, చేతివేళ్ళలో సూదులు గుచ్చినట్టుండడం, నాలుక మండడం, మతిమరుపు, నడకలో తూలడం దీని గుర్తులు. చాలాకాలం పట్టించుకోకపోతే నరాలకు కలిగిన నష్టం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడేవారిలో ఈ విటమిన్ ఇంకా తగ్గుతుంది. తిమ్మిరిని "షుగరు వల్లే" అని వదిలేయకండి. మెట్‌ఫార్మిన్ వాడుతూ మాంసం మానినవారు డాక్టరుగారికి చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. పాలు, పెరుగు కూడా మానేసినవారికి బి 12 మాత్ర తప్పనిసరి.

వీరు డాక్టరును అడగకుండా మార్చవద్దు

గుండె కవాటం మార్పిడి జరిగి వార్ఫరిన్, అసిట్రోమ్ వంటి రక్తం పలచబరిచే మందులు వాడేవారు: ఆకుకూరలు ఉన్నట్టుండి ఎక్కువ చేస్తే వాటిలోని విటమిన్ కె వల్ల మందు పని తగ్గి, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఆకుకూరలు మానమని కాదు, వారం వారం ఒకే కొలతలో తినండి. తిండి మార్చే ముందు పరీక్ష తేదీ అడిగి తెలుసుకోండి.

కిడ్నీ జబ్బు ఉన్నవారు: డయాలసిస్ మొదలుకాని వారికి మాంసకృత్తులు తగ్గించమంటారు. డయాలసిస్ చేయించుకునేవారికి పెంచమంటారు. రెండూ వేరు. పొటాషియం ఎక్కువ ఉన్నవారికి కొబ్బరినీళ్ళు, కొన్ని ఆకుకూరలు, పప్పులు కూడా హాని చేయవచ్చు. పక్కింటివారి పథ్యం మీకు పనికిరాదు.

గర్భిణీ స్త్రీలు, పాలిచ్చే తల్లులు: ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆపవద్దు. తల్లికి బి 12 లోపిస్తే బిడ్డకు కూడా లోపిస్తుంది.

టీబీ రోగులు: "మాంసం తినకపోతే టీబీ తగ్గదు" అన్న భయం ఉంది. అది నిజం కాదు. జార్ఖండ్‌లో టీబీ రోగుల కుటుంబాలకు ఆహార సంచులు ఇచ్చి చేసిన పరిశోధన 2023లో వెలువడింది. రోగులకు ఇచ్చిన సంచిలో బియ్యం, వేయించిన శనగపిండి, పాలపొడి, నూనె, విటమిన్ మాత్రలు ఉన్నాయి. ఇంట్లోవారికి కూడా బియ్యం, పప్పు ఇచ్చారు. అలా తిన్న కుటుంబాలలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. మాంసం లేకుండానే ఇది సాధ్యమైంది. కానీ ఆ సంచిలో ఉన్నది పచ్చడి కాదని గమనించండి. గుడ్లు తినేవారైతే చికిత్స కాలంలో ఆపకండి.

ఒక రోజు పళ్ళెం

ఉదయం: రెండు పెసరట్లు, అల్లం పచ్చడి.
మధ్యాహ్నం: అన్నం, తోటకూర పప్పు, ఒక కూరగాయ కూర, నిమ్మచెక్క, కప్పు పెరుగు.
సాయంత్రం: గుప్పెడు ఉడికించిన శనగలు లేదా వేరుశనగలు, ఒక జామకాయ.
రాత్రి: రెండు జొన్న రొట్టెలు, అలసందల కూర, పడుకునే ముందు గ్లాసుడు పాలు.

ఈ పళ్ళెంతో 50 గ్రాముల మాంసకృత్తులు దాటుతాయి. రాగి అంబలి చేర్చుకుంటే సున్నం కూడా బాగా అందుతుంది. ఇందులో ఏదీ ఖరీదైనది కాదు. మన సంత రోజున దొరికేవే.

ఇంట్లో ఒక్కరే మానితే

ఇల్లాలు మానుకుంటే ఆమె పళ్ళెమే ముందుగా పలచబడుతుంది. అందరికీ కోడికూర వండి, తాను పచ్చడితో తిని లేచిపోతుంది. రెండు వంటలు ఎందుకులే అనుకుంటుంది. భర్తలకూ పిల్లలకూ మా మనవి ఏమిటంటే, ఆదివారం కూర పొయ్యి మీద ఉన్నప్పుడు పక్కనే చిన్న గిన్నెలో ఆమెకు పప్పో, శనగలో వండే బాధ్యత మీరు తీసుకోండి. పెళ్ళి విందుల్లో, ప్రేమ విందుల్లో శాకాహారులకు సాంబారు, పెరుగుతో సరిపెట్టకుండా ఒక పప్పు కూర, ఒక శనగల కూర కూడా పెట్టించమని సంఘ పెద్దలను కోరుతున్నాము.

మానుకున్నవారికి కూడా ఒక మాట. మీ నిర్ణయాన్ని ఎదుగుతున్న పిల్లల మీద బలవంతంగా రుద్దకండి. గుడ్డు, పాలు వారికి అందనివ్వండి. పెద్దయ్యాక వారి కారణం వారు చూసుకుంటారు.

మీరు మాంసం మానుకున్నా, మానాలనుకుంటున్నా, తిరిగి మొదలుపెట్టాలనుకుంటున్నా, మా ఆహార సలహా విభాగానికి వచ్చి మాట్లాడండి. వచ్చేటప్పుడు వాడుతున్న మందుల చీటీ, చివరి రక్తపరీక్ష కాగితాలు తెచ్చుకోండి. మీ కారణాన్ని మేము ప్రశ్నించము. మీ పళ్ళెంలో ఏమి తగ్గిందో మాత్రం తప్పక అడుగుతాము. మీ ఇళ్ళలో ఆరోగ్యం, భోజనాల దగ్గర సమాధానం ఉండాలని కోరుకుంటున్నాము.